కరవునేలలో స్వేచ్ఛ: ‘ది డిస్పొసెస్డ్’ నవలా పరిశీలనము

అంతరిక్ష నివాసములను గూర్చిన చర్చలలో వ్యక్తిస్వేచ్ఛను శాసనములయందు వెదకుట పరిపాటి. ఉర్సులా లెగ్విన్ 1974లో ప్రకటించిన ‘ది డిస్పొసెస్డ్’ నవల దానిని నీటిలోను, ధాన్యములోను వెదకినది. అనారెస్ అను శుష్కలోకమున ప్రభుత్వము లేదు, సొంత ఆస్తి లేదు. ఐనను భౌతికశాస్త్రజ్ఞుడగు షెవెక్ గ్రంథమునకు పెద్దవాని యసూయయు, సంఘాభిప్రాయమును అడ్డుపడినవి. కరవు రాగా పనుల కేటాయింపు అతనిని సహచరికి ఏండ్లతరబడి దూరము చేసినది. ఆజ్ఞాపించినవాడు లేడు, కాదనుటకును వీలు లేదు.

అనారెస్ పొరుగులోకమునకు ఖనిజము లెత్తి పంపు గనిసీమ యని రచయిత్రి చెప్పినదే గాని, ఆ విషయమును తగినంత విస్తరింపలేదు. కడప సీమలోని తుమ్మలపల్లె నెరిగిన పాఠకునకు ఈ కొఱత స్ఫుటముగా దోచును. అచట 2012లో యురేనియము గని, శుద్ధికర్మాగారము పనిచేయ నారంభించినవి. వ్యర్థముల చెరువు చెంతనున్న గ్రామముల రైతులు బోరునీరు చెడినదనిరి, సంస్థ కాదన్నది. ఇట్టి వాదమును తేల్చవలసినది నీటిపరీక్ష. అది యెవరి చేతనున్నదో నిర్ణయమును వారి చేతనే యుండును.

గాలిని సైతము యంత్రమే యిచ్చు అంతరిక్ష నివాసమున ఈ ప్రశ్న మరింత తీవ్రము. తాను పీల్చు గాలిని తానే పరీక్షింపజేసికొను అధికారము అచటి పౌరునకు తొలి హక్కు కావలెను. నవల యీ హక్కు వాకిటివరకు వచ్చి ఆగినది.