‘ఇయో కాపితానో’: బాటసారి హక్కు

ఇటలీ దర్శకుడు మాత్తెయో గర్రోనే తీసిన ‘ఇయో కాపితానో’ (2023) చిత్రానికి ఆ ఏటి వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుని బహుమతి లభించింది. ‘నేనే కెప్టెన్‌ని’ అని ఆ పేరుకు అర్థం. సెనెగల్ రాజధాని డకార్‌కు చెందిన సెయ్దూ, మూసా వరుసకు అన్నదమ్ములు, వయస్సు పదహారేండ్లు. నైజర్, సహారా ఎడారి, లిబియాల మీదుగా ఐరోపాకు వారు సాగించిన ప్రయాణమే కథ.

వీరు యుద్ధానికి భయపడి పారిపోయినవారు కారు. తల్లి వద్దన్నా సెయ్దూ చెప్పకుండా ఇల్లు విడుస్తాడు. దర్శకుడు ఈ తప్పును కప్పిపుచ్చలేదు. లిబియా చెరలో ఆ బాలుని మనస్సు తల్లి దగ్గరకే పరుగెత్తుతుంది.

మరి దీనిని హిజ్రత్ అనవచ్చునా? క్రీ.శ. 615 ప్రాంతంలో మక్కా ముస్లిములు ధర్మరక్షణకై హబషా వెళ్ళారు. క్రైస్తవుడైన నజాషీ రాజు వారిని ఖురైషీయులకు అప్పగించలేదు. ఈ బాలుర ఉద్దేశం అది కాదు. కాని బాటసారి హక్కు వేరే విషయం. సూరె తౌబా 60వ ఆయతు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారిని కూడా చేర్చింది. ప్రయాణం పాపకార్యానికై ఉండరాదని ఫిఖహ్ పండితులలో అనేకులు షరతు పెట్టారు. అయితే అది జకాత్ పంపకానికి సంబంధించిన షరతు. దాహంతో పడిపోయినవానిని ‘ఎందుకు బయలుదేరావు?’ అని విచారించిన తరువాతనే నీళ్ళివ్వమని ధర్మం చెప్పదు.

ఎడారిలో ఒక స్త్రీ కూలిపోతే అందరూ ముందుకు సాగిపోతారు; సెయ్దూ ఒక్కడే వెనుదిరుగుతాడు. లిబియాలో డబ్బు కోసం చిత్రహింసలు పెట్టినవారూ ముస్లిం సమాజంలో పుట్టినవారే. ఐరోపాను నిందించడానికి ముందు మనం ఆలోచించవలసిన దృశ్యమిది.

లోపాలు లేకపోలేదు. స్వప్నదృశ్యాలు బాధను అందంగా మార్చివేస్తాయి. తీరం కనిపించగానే కథ ఆగిపోతుంది. నిజజీవితంలో ఇలా పడవ నడిపిన యువకులు ఇటలీలో మనుషుల అక్రమ రవాణా నేరంపై చెరసాల పాలైన ఉదాహరణలున్నాయి; ఆ అధ్యాయం చిత్రంలో లేదు.

అయినా చివరి ఘట్టం మరపురానిది. పడవ నడపడం ఎరుగని బాలుడు అందులోని ప్రాణాలన్నిటినీ అమానత్‌గా స్వీకరిస్తాడు, ఒక్కరినీ చావనివ్వనంటాడు. తల్లి మాట కాదని బయలుదేరిన పిల్లవాడు, గమ్యం చేరేసరికి పరుల బిడ్డలకు కాపరి అయ్యాడు.