మల్లినాథుని నియమం, అంపశయ్య పాఠకుడు

సులువుగా అర్థం కాని నవలను చేతపట్టిన పాఠకుడిని రెండు తొందరలు వెంటాడుతాయి. మొదటిది, పుస్తకం మూసేసి రచయితకే స్పష్టత లేదని తేల్చేయడం. రెండవది, నవలలో కనిపించిన ప్రతి వస్తువూ మరి దేనికో సంకేతమని నిశ్చయించుకొని, రచనలో లేని అర్థాన్ని దాని నెత్తిన పెట్టడం. చూడడానికి ఇవి పరస్పర విరుద్ధంగా ఉన్నా రెండింటికీ మూలం ఒకటే, అది వాక్యం దగ్గర నిలవడానికి ఓపిక చాలకపోవడం. కలలా సాగే నవల, అంటే కాలక్రమం చెదిరిపోయి, జ్ఞాపకమూ ఊహా కళ్లెదుటి వాస్తవమూ ఏ హెచ్చరికా లేకుండా ఒకదానిలోకి ఒకటి మారిపోయే నవల, ఈ ఓపికను తక్కిన రచనలకంటె ఎక్కువగా కోరుతుంది. అటువంటి నవలకు స్పందించడం సాధనతో అబ్బే విద్య అనీ, ఆ విద్యకు కావలసిన నియమాలు మెదక్ పట్టణపు పొరుగునే శతాబ్దాల కిందట రూపుదిద్దుకున్నాయనీ చెప్పడం ఈ వారపు కాలమ్ ఉద్దేశం.

కాళిదాసును చదివే ప్రతి సంస్కృత విద్యార్థికీ పరిచితుడైన వ్యాఖ్యాత మల్లినాథ సూరి. ఆయన పేరుకు ముందుండే కోలాచలం నేటి మెదక్ జిల్లాలోని కొల్చారమేనని పండితులు గుర్తించారు. ఆయన కాలం పద్నాలుగు, పదిహేను శతాబ్దాల నడుమది. రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం అనే కాళిదాసు కావ్యాలు మూడింటికీ సంజీవని అనే వ్యాఖ్యను, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథాన్ని, మాఘుని శిశుపాలవధకు సర్వంకషను, శ్రీహర్షుని నైషధానికి జీవాతువును రాసిన ఈ పండితుడు, దుర్వ్యాఖ్యలనే విషం సోకి మూర్ఛిల్లిన కాళిదాసు వాక్కుకు తిరిగి ప్రాణం పోయడమే తన పని అని సంజీవని ఆరంభంలో చెప్పుకున్నాడు. కావ్యానికి దాన్ని చదవనివాడి వల్ల వచ్చే ముప్పు కంటె, అడ్డదిడ్డంగా అర్థం చెప్పేవాడి వల్ల వచ్చే ముప్పు పెద్దదన్న హెచ్చరిక ఆ మాటలో ఉంది.

ఆ పని చేయడానికి ఆయన తనకు తాను విధించుకున్న కట్టుబాట్లు మూడు. అంతా అన్వయం ద్వారానే వివరించాలి. మూలంలో ఆధారం లేనిది రాయకూడదు. అవసరం లేనిది చెప్పకూడదు. అన్వయం అంటే, ఛందస్సు కోసం అటూ ఇటూ చెదిరిన పదాలను ఏ క్రియకు ఏది కర్త, ఏ నామానికి ఏది విశేషణం అని చూసి, మాట్లాడే భాషలో వాక్యం ఎలా నడుస్తుందో ఆ వరుసలో పెట్టడం. మల్లినాథుడు ముందుగా పదాలను ఆ వరుసలో నిలబెట్టి, ఆ తర్వాత పర్యాయపదం, నిఘంటువు ప్రమాణం, అవసరమైన చోట వ్యాకరణ సూత్రం, చివరకు అలంకారం చెబుతాడు. భావం గొప్పదనే పొగడ్తతో మొదలుపెట్టక, మాట ఎక్కడ నిలిచి ఉందో చూపించిన తర్వాతే భావం జోలికి వెళ్లే ఈ క్రమమే ఆయన వ్యాఖ్యలను ఇన్ని తరాల పాటు నిలబెట్టింది.

ఇంత కఠినమైన నియమం పెట్టుకున్న వ్యాఖ్యాతకు కూడా గూఢార్థం వైపు మనసు లాగకపోలేదు. మేఘసందేశం పూర్వభాగంలో, ఉత్తరదిక్కుగా ఎగిరిపోతూ దారిలో దిఙ్నాగాల, అంటే దిక్కులను మోసే ఏనుగుల, తొండాల తాకిడిని తప్పించుకొమ్మని యక్షుడు మేఘానికి చెప్పే శ్లోకం ఒకటి ఉంది. ఆ చోటనే తడి నిచుళాల, అంటే నీటి ఒడ్డున పెరిగే ఒక జాతి చెట్ల, ప్రస్తావన కూడా వస్తుంది. సహజమైన అర్థం చెప్పిన తరువాత మల్లినాథుడు మరొక అర్థాన్ని కూడా ధ్వనింపజేశాడు: కాళిదాసు కవిత్వంలో తప్పులు పట్టిన దిఙ్నాగాచార్యుడు అనే ప్రత్యర్థి, ఆ తప్పులను తిప్పికొట్టిన నిచుళుడు అనే మిత్రకవి ఇక్కడ సూచితులయ్యారని ఆయన వివరణ. కాళిదాసు కాలాన్ని నిర్ణయించడానికి ఆధునిక పండితులు కొందరు ఈ మాటను ఆధారం చేసుకోగా, శ్లోకంలో అందుకు తగిన ప్రమాణం లేదని మరి కొందరు తోసిపుచ్చారు. గమనించవలసింది ఏమిటంటే, సహజార్థాన్ని ముందు పూర్తిగా నిలబెట్టి, రెండవ అర్థాన్ని విడిగా చెప్పినందువల్లే, ఆ రెండవదాన్ని కాదనే స్వేచ్ఛ తరువాతి పాఠకులకు మిగిలింది. ఊహకు వెళ్లడంలో దోషం లేదు. వాక్యం ఎక్కడితో ఆగిందో, ఊహ ఎక్కడ మొదలయిందో ఎదుటివారికి కనిపించకుండా చేయడంలోనే దోషం ఉంది.

ఈ నియమాలను పరీక్షకు పెట్టడానికి తెలుగులో తగిన నవల 1969లో వెలువడిన అంపశయ్య. వావిలాల గ్రామంలో 1941లో పుట్టిన దొంగరి మల్లయ్య నవీన్ అనే కలం పేరుతో రాసిన ఈ నవల, చివరకు ఆయన పేరులోనే చేరి, ఆయనను అంపశయ్య నవీన్‌గా నిలబెట్టింది. తరువాతి కాలంలో కాలరేఖలు నవలకు 2004లో ఆయన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. పల్లె నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చి హాస్టల్లో ఉంటున్న రవి అనే పేద విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, సుమారు పదహారు గంటలు, ఈ నవలకు కథాకాలం. చైతన్య స్రవంతి అనే పద్ధతిలో, అంటే పాత్ర మనసులో ఆలోచనలు ఏ క్రమంలో పుడితే ఆ క్రమంలోనే, రచయిత మధ్యలో నిలబడి సర్దకుండా చెప్పే పద్ధతిలో ఇది సాగుతుంది. మనసు ముక్కలుగా కాక ఎడతెగని ప్రవాహంగా నడుస్తుందని అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో ప్రచురించిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ప్రతిపాదించగా, ఆ భావనను ఇరవయ్యో శతాబ్దపు నవల తనదిగా చేసుకుంది. డబ్లిన్ నగరంలో 1904 జూన్ 16 నాటి సంగతులను చెప్పే జేమ్స్ జాయ్స్ యులిసిస్ 1922లో పుస్తకంగా వచ్చింది. తెలుగులో బుచ్చిబాబు చివరకు మిగిలేదిలోనూ రావిశాస్త్రి అల్పజీవిలోనూ పాత్రల అంతరంగం కథను నడిపించిన మాట నిజమే అయినా, ఒక రోజుకు నవల మొత్తాన్ని అప్పగించి, ఆ రోజునంతా ఒకే మనసులో నుంచి చూపించిన తెగువ అంపశయ్యది.

ఇటువంటి నవలలో కథ ఏమిటని అడిగితే పాఠకుడికి వెంటనే జవాబు తోచదు. రవికి డబ్బు లేదు, చదువు మీద దిగులు ఉంది, ఇంటి మీద బెంగ ఉంది, ప్రేమ మీద ఆశ ఉంది. ఇవేవీ వరుసగా రావు. ఎదుట ఉన్న మనిషి మాట్లాడుతుండగానే ఊరిలోని మరొకరి మాట వినిపిస్తుంది. జరిగినదేదో, జరగాలని రవి కోరుకున్నదేదో, జరుగుతుందేమోనని భయపడ్డదేదో విడదీసి చెప్పే గుర్తు వాక్యంలో ప్రతిసారీ దొరకదు. మల్లినాథుని మొదటి నియమం ఇక్కడే పనికి వస్తుంది. శ్లోకంలో చెదిరినవి పదాలైతే ఇక్కడ చెదిరినవి క్షణాలు. కాబట్టి పాఠకుడు ప్రతి పేజీకీ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ వాక్యం నడుస్తున్న వేళ రవి శరీరం ఎక్కడ ఉంది? వినబడుతున్న మాట ఎవరిది, ఎదుటివారిదా, జ్ఞాపకంలోనిదా, రవి తనలో తాను అనుకున్నదా? ఏ చూపు, ఏ శబ్దం, ఏ పేరు తగిలి ఈ జ్ఞాపకం పైకి లేచింది? ఈ మూడింటికీ జవాబు దొరికిన చోట, గజిబిజిగా కనిపించిన పేజీ తనంతట తాను సర్దుకుంటుంది. దొరకని చోట, ఆ దొరకకపోవడం రచయిత ఉద్దేశించినదేమో ఆలోచించడానికి పాఠకుడికి అధికారం వస్తుంది. అన్వయం చేయకుండానే అయోమయం అద్భుతంగా ఉందని మెచ్చుకోవడం ఆ నవలకు మర్యాద అనిపించుకోదు.

రెండవ నియమం, ఆధారం లేనిది రాయకూడదన్నది, మరింత జాగ్రత్తను కోరుతుంది. అంపశయ్య పుస్తకంగా వచ్చిన 1969లోనే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచింది. దానికి ఉస్మానియా విద్యార్థులే ముందు నిలిచారు. అయితే నవలలోని రోజు ఆ ఉద్యమానికి ముందరిది. రవి నిస్సహాయతలో రాబోయే ఉద్యమాన్ని చూసే పాఠకుడు నవలలోని సంగతిని చెప్పడం లేదు, తన కాలపు అనుభవంతో నవలను చదువుతున్నాడు. అలా చదవడం తప్పు కాదు సరికదా, పల్లె నుంచి నగరపు చదువులోకి వచ్చిన ఒక తరం లోపల ఎంత ఒత్తిడిని దాచుకున్నదో అలాంటి చదువు వల్లే తెలియవచ్చు. కాని ఇది నవల చెప్పినది, ఇది పాఠకుడు తెచ్చుకున్నది అని గీత గీసి చూపించే నిజాయితీ అతనికి ఉండాలి.

మూడవ నియమం, అనవసరమైనది చెప్పకూడదన్నది, ఆధునిక నవల దగ్గరికి వచ్చేసరికి కొంత రూపు మార్చుకుంటుంది. వోల్ఫ్‌గాంగ్ ఈజర్ అనే జర్మన్ విమర్శకుడు, రచనలో చెప్పకుండా వదిలిన ఖాళీలే పాఠకుడిని పనిలోకి దింపుతాయనీ, రచనకూ పాఠకుడికీ నడుమ జరిగే ఆ పనిలోనే అర్థం పుడుతుందనీ 1970లలో సిద్ధాంతీకరించాడు. ఈ ఖాళీలన్నిటినీ ఒకేసారి పూడ్చివేసే వ్యాఖ్య నవలకు మేలు చేయదు. పాఠకుడు తనకు తోచిన అర్థాన్ని చెప్పడం ఎంత అవసరమో, ఏ చోట తనకు ఏమీ తోచలేదో ఆ చోటును ఖచ్చితంగా చూపడమూ అంతే అవసరం. అర్థం కాలేదని మొత్తం నవల మీద ఒక్క మాటగా అనడం సులువు. ఫలానా పేరాలో ఫలానా వాక్యం దగ్గర కాలం మారిందో లేదో తేలలేదని చెప్పడానికి మాత్రం శ్రద్ధగా చదివి ఉండాలి.

ఈ శ్రద్ధ ఒంటరిగా నిలవడం కష్టమని తెలుగు సమాజానికి ఎప్పటి నుంచో తెలుసు. పురాణ కాలక్షేపంలో ఒకరు పద్యం చదువుతుంటే మరొకరు అర్థం చెప్పడం, చుట్టూ కూర్చున్నవారు అడ్డుతగిలి సందేహం అడగడం వాడుకలో ఉన్న పద్ధతి. వినేవారిలో చదువురానివారు ఉండేవారు, పొరుగూరి నుంచి వచ్చి ముఖపరిచయం కూడా లేనివారు ఉండేవారు. నిజాం పాలనలో తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజుల్లో ఈ కూడికకు గ్రంథాలయం కొత్త చోటయింది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు ఏర్పడిన ఆంధ్ర జన సంఘం ఊరూరా గ్రంథాలయాలు నెలకొల్పడాన్ని తన లక్ష్యాలలో ఒకటిగా పెట్టుకుంది. ఆ కృషి ఫలించి ఆంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమైంది అప్పటి మెదక్ జిల్లాలోని జోగిపేటలోనే, 1930లో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన. తెలియని మనుషులు ఒక పుస్తకం చుట్టూ చేరడం ఈ ప్రాంతపు ప్రజాజీవితానికి పునాదులలో ఒకటి.

అపరిచితుల మధ్య పుస్తకం తిరిగే తీరును ఒక్క గ్రంథాలయ ప్రతిలోనే చూడవచ్చు. వెనుక అట్టకు అంటించిన చీటీ మీద గడువు తేదీల ముద్రలు ఒకదాని కింద ఒకటి పడి ఉంటాయి. లోపల పేజీల అంచుల్లో పెన్సిల్ గీతలు, ప్రశ్నార్థకాలు, కొన్ని చోట్ల ఒకరు గీసిన గీత పక్కనే మరొకరి చేతిరాతలో కాదన్న మాట కనిపిస్తాయి. గ్రంథాలయ నియమం ప్రకారం అవి చేయకూడని పనులే. అయినా ఒకే వాక్యం దగ్గర ఇద్దరు పాఠకులు, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే, వేర్వేరు కారణాలతో ఆగిపోయారని ఆ అంచు సాక్ష్యం చెబుతుంది. మూడో పాఠకుడు తనకు కలిగిన తికమక తన తెలివితక్కువ కాదని అక్కడ ధైర్యం తెచ్చుకుంటాడు. పుస్తకం పాడవకుండా ఈ సంభాషణకు చోటు కల్పించాలంటే, దాన్ని అంచు మీది నుంచి మనుషుల నడుమకు తేవడం ఒక్కటే మార్గం.

అలా తెచ్చిన వారు ప్రపంచంలో ఉన్నారు. జాయ్స్ 1939లో ప్రచురించిన ఫినిగన్స్ వేక్ ఒక రాత్రి కలగా చదవదగిన నవల, ఎన్నో భాషల మాటలు కలగలిసి ఒక్క వాక్యం కూడా నేరుగా లొంగని 628 పేజీల పుస్తకం. కాలిఫోర్నియాలోని వెనిస్ అనే చోట 1995లో కొందరు పాఠకులు నెలకొకసారి చేరి దాన్ని గొంతెత్తి చదవడం మొదలుపెట్టి, చదువు సాగే కొద్దీ నెలకు ఒక్క పేజీకి తగ్గి, 28 సంవత్సరాల తరువాత 2023లో చివరి పేజీకి చేరారు. నవల చివరి వాక్యం మొదటి వాక్యంలో కలుస్తుంది కనుక, ఆపకుండా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. వారిలో అందరూ పండితులు కారు. నెమ్మదిగా చదవడాన్ని, ఎదుటివారి మాట వినడాన్ని వారు ఒక అలవాటుగా నిలుపుకోగలిగారు, అంతే.

భారతీయ కావ్యశాస్త్రం సహృదయుడు అని పిలిచిన పాఠకుడు, అంటే కావ్యాలను పదేపదే చదివిన అభ్యాసం వల్ల మనసు అద్దంలా తేటపడి, కవి హృదయంతో సమానంగా స్పందించగలిగినవాడు, ఇటువంటి కూడికల్లో తయారవుతాడని ఈ కాలమ్ గట్టి నమ్మకం. అంపశయ్యను హాస్టల్లో ఉండి చదువుకున్నవాడు ఒక రకంగా చదువుతాడు, కొడుకును హాస్టల్‌కు పంపి డబ్బు సర్దలేక సతమతమైన తండ్రి మరొక రకంగా చదువుతాడు, ఆ నవలలోని స్త్రీలు రవి చూపులో నుంచి తప్ప తమంతట తాము కనిపించరని గమనించిన విద్యార్థిని ఇంకొక రకంగా చదువుతుంది. ఈ మూడు చదువులూ ఒకే పేజీ మీద, ఏ మాట తమను అక్కడికి నడిపించిందో చూపిస్తూ పక్కపక్కన నిలిచినప్పుడు, ఏ ఒక్కరికీ ఒంటరిగా దొరకనంత నవల అందరికీ దొరుకుతుంది.

2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైన మెదక్ పట్టణంలో గ్రంథాలయాన్ని పోటీ పరీక్షల చదువు కోసం ఎంచుకునే యువతీయువకులు చాలామంది. వారికి ఉద్యోగం ఎంత అవసరమో, వారానికి ఒక సాయంత్రం అర్థం కాని ఒక పేజీని నలుగురిలో చదవడమూ అంత అవసరమే. దానికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఒకరు ఒక పేజీ గొంతెత్తి చదవాలి. ఎవరి అభిప్రాయమూ అడగక ముందే అందరూ కలిసి అన్వయం చేసుకోవాలి. ఆ తరువాత మాట్లాడే ప్రతి ఒక్కరూ తమ మాటకు ఆధారమైన వాక్యాన్ని వేలు పెట్టి చూపాలి. తేలని చోటును తేలనిదిగానే రాసిపెట్టుకొని వచ్చే వారానికి మిగల్చాలి. మల్లినాథుడు కాళిదాసుకు చేసిన సేవను ఆయన పుట్టిన గడ్డ మీది పాఠకులు తమ కాలపు నవలకు చేయడానికి ఈ నాలుగు పనులు చాలు.