నటజీవితచరిత్రలలో తథ్యనిర్ణయము: సామర్లకోటలో జన్మించిన రావి కొండలరావు

ప్రాచీనకవుల దేశకాలములను నిర్ణయించుటకు మన పండితులు పడిన శ్రమ సామాన్యమైనది కాదు. శాసనములు, గ్రంథావతారికలు, కృతిపతుల వంశక్రమములు, పరవర్తికవుల స్తుతులు మున్నగువాని నన్నిటిని ఒరసి చూచిన పిమ్మటగాని వారొక కవిని ఒక శతాబ్దమున నిలుపుటకు సాహసింపలేదు. కందుకూరి వీరేశలింగముగారి నాటినుండి ఈ పద్ధతి మనకు సంప్రదాయమై యున్నది. అట్టి మనమే నిన్న మొన్నటి నటుల జీవితములను వ్రాయునపుడు పత్రికలలోని సంతాపవార్తను చూచి యథాతథముగ దింపుకొనుచున్నాము. చలనచిత్ర, టెలివిజను నటులు పరిశోధనకు విషయములగుచున్న ఈ కాలమున ఈ అలసత్వము ఉపేక్షింపదగినది కాదు. ఒక్క నటుని జీవితమును ఉదాహరణముగ గ్రహించి, తథ్యములను పరీక్షింపవలసిన తీరును మేమిచ్చట చర్చింపదలచితిమి.

రావి కొండలరావుగారు 1932 ఫిబ్రవరి 11వ తేదీన సామర్లకోటలో జన్మించిరి. 2020 జూలై 28వ తేదీన హైదరాబాదులో దివంగతులైరి. నటులు, నాటకకర్తలు, సినీకథారచయితలు, పాత్రికేయులు. ఈ తేదీలను బట్టి చూడగా నిర్యాణమునాటికి వారికి 88 సంవత్సరముల 5 నెలల 17 దినములు నిండినవి. కావున వారు 88 ఏండ్ల వయస్సున మరణించిరనుట ఒప్పు. 88వ యేట మరణించిరనుట తప్పు, అది 89వ యేడు గదా! ఈ భేదము స్వల్పముగ దోచవచ్చును. కాని ‘88వ యేట’ అను మాటనే నమ్మి వెనుకకు లెక్కించినవానికి జన్మసంవత్సరము 1933 అని తేలును. అది మరియొక వ్యాసమున కెక్కినచో, తరువాతి పరిశోధకునికి జన్మసంవత్సరము వివాదాస్పదమైనట్లు కనిపించును. లేని వివాదములు ఇట్లే పుట్టును.

జన్మస్థలమును గూర్చి రెండు ప్రశ్నలు కలవు. మొదటిది జిల్లా. 1932లో సామర్లకోట మదరాసు రాజధానిలోని తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన జరిగిన పునర్విభజనముతో అది కాకినాడ జిల్లాలో చేరినది. నేటి పాలనావిభాగము ననుసరించి ‘కాకినాడ జిల్లాలో జన్మించిరి’ అని వ్రాయుట, ఉనికిలో లేని జిల్లాను తొంబదియేండ్లు వెనుకకు నడిపించుటయే యగును. ఆయన పెరిగిన శ్రీకాకుళము విషయమున చిక్కు మరింత యెక్కువ. ఆ పట్టణము 1932లో గంజాము జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు విశాఖపట్టణము జిల్లాలో కలిసినది. 1950 ఆగస్టు 15న గాని శ్రీకాకుళము జిల్లా ఏర్పడలేదు. ఊరు కదలకయే మూడు జిల్లాలు మారినది. కావున నాటి జిల్లాను పేర్కొని, నేటిదానిని వేరుగ సూచించుటయే యుక్తము.

రెండవ ప్రశ్న ముఖ్యమైనది. జన్మస్థలము సామర్లకోట యని సిద్ధమైనపిదప దానినుండి మనమేమి ఊహింపవచ్చును? కొండలరావుగారి తండ్రి తపాలాశాఖలో ఉద్యోగి. పదవీవిరమణానంతరము శ్రీకాకుళమున స్థిరపడిరి. బదిలీలుగల ఉద్యోగుల కుటుంబములలో జన్మస్థలము ఒకటి, పెంపకపుటూరు మరియొకటి, స్వస్థలముగ చెప్పుకొనునది వేరొకటి యగుట లోకమున సహజము. కొండలరావుగారు తమ జ్ఞాపకముల గ్రంథమునకు ‘నాగావళి నుంచి మంజీర వరకు’ అని పేరిడిరి. నాగావళి శ్రీకాకుళమును ఒరసి పారు నది. మంజీర తెలంగాణపు నది. తన జీవితమునకు ఆద్యంతములను నదులతో గుర్తించిన రచయిత గోదావరిని అందు చేర్చలేదు. ఇది ఆంతరసాక్ష్యము. పుట్టుక ఎచ్చటనో అది చెప్పదు. తానే నేలవాడనని ఆయన తలచెనో చెప్పును.

ఈ రెండు సాక్ష్యములకును విరోధము లేదు, అవి వేర్వేరు ప్రశ్నలకు సమాధానములు గనుక. విరోధము మన ఊహలోనే పుట్టుచున్నది. సామర్లకోటలో జన్మించిరి గనుక ఆయన గోదావరి నటులనియు, ఆయన హాస్యమున గోదావరి మండలపు చమత్కారము కలదనియు సాధింపబూనినచో, ఒక తేదీ, ఒక ఊరిపేరు మోయలేని బరువును వానిపై మోపినవార మగుదుము. పంచారామములలో నొకటియైన కుమారారామమునకు, కాకినాడ శాఖామార్గము చీలు రైలు జంక్షనుకు నెలవైన సామర్లకోటకు, ఆయన జన్మస్థలమను గౌరవము న్యాయముగ చెందును. ఆయన కళకు మూలస్థానమను గౌరవము మాత్రము వేరు ప్రమాణములు చూపిననే చెందును.

పేరును గూర్చియు ఒక మాట. ‘రావి’ ఇంటిపేరు, దీర్ఘముతో పలుకవలసినది. ఆంగ్లలిపినుండి మరల తెలుగు చేయువారు దానిని ‘రవి’ యని వ్రాయుట కలదు. అప్పుడు ఇంటిపేరు వ్యక్తినామమగును. పట్టికలో మనుష్యుడే మారిపోవును. కాకినాడ ప్రాంతమువారే యైన రావు గోపాలరావుగారి ఇంటిపేరుతో దీనిని పొరబడుటకును అవకాశము కలదు. సూచికలు కూర్చువారు మొదట సరిచూడవలసినది ఇదియే.

ఇక సంఖ్యల సంగతి. ఆయన 600 పైగా చిత్రములలో నటించిరని సంతాపవార్తలలో తరచు కనబడును. ఆయన చలనచిత్రప్రవేశము 1958లో వచ్చిన ‘శోభ’ చిత్రముతో జరిగినది. అప్పటినుండి 2020 వరకు 62 ఏండ్లు. 600ను 62చే భాగింపగా ఏడాదికి ఇంచుమించు పది చిత్రములు వచ్చును. చిన్న పాత్రలు వేయు నటునికి ఇది అసంభవము కాదు. కాని సంభవమగుట వేరు, సిద్ధమగుట వేరు. గాత్రమునిచ్చిన అనువాదచిత్రములు ఈ లెక్కలో చేరునా? విడుదల కానివి చేరునా? రచన మాత్రమే చేసినవి చేరునా? పది పత్రికలు 600 అని వ్రాసినను, అవి ఒకదానినుండి ఒకటి గ్రహించినచో సాక్షి యొక్కడే. ఒకే మాతృకనుండి దిగిన ప్రతులను ఒక్క సాక్ష్యముగనే గణింపవలెనని తాళపత్రపరిష్కర్తలు ఎరిగినదే. కావున పేర్లపట్టిక సిద్ధమగువరకు ‘అందురు’ అను మాటను విడువక వ్రాయవలెను.

రచనావిషయమునను ఇట్టి నిష్కర్ష అవసరము. 1991 నాటి ‘పెళ్లిపుస్తకం’ చిత్రమునకు కథ కొండలరావుగారిది, సంభాషణలు ముళ్లపూడి వెంకటరమణగారివి, దర్శకత్వము బాపుగారిది. ‘పెళ్లిపుస్తకం రచయిత’ అని ఒకరినే పేర్కొనుట ఇద్దరికిని అన్యాయము.

చలనచిత్రమునకు 1952 నాటి చట్టము ననుసరించి ధ్రువపత్రము కలదు. అది తేదీకి ఒక ఆధారము. టెలివిజను ధారావాహికలోని ప్రతి భాగమునకు అట్టి ధ్రువపత్రము లేదు. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో వెలసినది. ఈటీవీ 1995లో ఆరంభమైనది. ఆపైన దినదినము ప్రసారమైన ధారావాహికలలో ఏండ్లతరబడి నటించినవారిని ప్రేక్షకులు పాత్రపేరుతోనే ఎరుగుదురు. అసలుపేరు తెరపై క్షణకాలము మెరసి పోవును. వీరి జీవితములు వ్రాయుట మరింత కష్టము.

చిరకాలనటన యను మాటయే ఎంత జారుడుదియో ఇంగ్లండు ఉదాహరణ మొకటి తెలుపును. కొండలరావుగారు పుట్టిన యేడే, 1932 ఏప్రిల్ 25న పుట్టిన విలియమ్ రోచ్, 1960 డిసెంబరు 9న ‘కారొనేషన్ స్ట్రీట్’ తొలి ప్రసారమునుండి కెన్ బార్లో పాత్రను ధరించి, 2020లో అరువదియేండ్లు పూర్తిచేసెను. 2010లో గిన్నిసు గ్రంథమువారు ఆయనను చిరకాలనటునిగ గుర్తించిరి. కాని ‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’ అను అమెరికా ధారావాహికలో హెలెన్ వాగ్నర్ 1956 ఏప్రిల్ 2 నాటి తొలి ప్రసారమున నటించి, నడుమ విరామములున్నను, 2010 మే 1న మరణించువరకు ఆ పాత్రను విడువలేదు. ఆ లెక్కకు 54 ఏండ్లు దాటినవి. ఇరువురిలో ఎవరు ముందను ప్రశ్నకు, విరామములను గణింతుమా లేదా యని నిర్ణయించుకొనక సమాధానము లేదు. తేదీలన్నియు స్పష్టముగనున్న చోటనే నిర్వచనము లేక సత్యము నిలువకున్నచో, తేదీలే చెదరియున్న మన ధారావాహికల విషయమున చెప్పనేల?

కావున పరిశోధకులకు మా సూచన యిది. జననమునకు మునిసిపాలిటీ దాఖలాలను, చదువునకు పాఠశాల రిజిస్టరును, చిత్రములకు తెరపేర్లను, ధారావాహికలకు ప్రసారసంస్థల పట్టికలను వేర్వేరుగ చూడవలెను. స్వీయచరిత్రను బాల్యమునకు, అభిప్రాయములకు ముఖ్యసాక్షిగ గ్రహించి, తేదీలకు మాత్రము మరియొక ఆధారముతో సరిచూడవలెను. ప్రతి వాక్యమును ఏ సాక్ష్యము మోయుచున్నదో వ్యాసకర్త తాను ఎరిగి, పాఠకున కెరిగింపవలెను.

కొండలరావుగారు ‘విజయచిత్ర’ పత్రికలో చిరకాలము పనిచేసి, ‘బ్లాక్ అండ్ వైట్’ వంటి గ్రంథముల ద్వారా పాత సినిమాల, పాత నటుల సంగతులను భద్రపరచిన పాత్రికేయులు. ఆయనతో పనిచేసినవారు, ఆయనను ఎరిగినవారు పలువురింకను మన నడుమ నున్నారు. నన్నయ కాలమునాటి సాక్షులు దొరకరు గనుక శిలలను అడుగుచున్నాము. ఈ నటుల విషయమున మనుష్యులనే అడుగగల అవకాశము నేడు కలదు. సామర్లకోట, శ్రీకాకుళము, మదరాసు, హైదరాబాదులలో ఈ పని వేర్వేరుగ మొదలుపెట్టదగిన విద్యార్థులు మన శాఖలలోనే యున్నారు.