అట్ట వేసిన పుస్తకం

పుస్తకాలకు అట్టలు వేసే అలవాటు నాకు బడి రోజులతోనే పోయింది. అలాంటిది కిందటేడు హైదరాబాదు బస్సు కోసం కొల్లాపూర్ బస్టాండులో కూర్చుని, సంచిలో ఉన్న పాత క్యాలెండరు కాగితం మడిచి మరీ ఒక పుస్తకానికి అట్ట వేశాను. బస్సెక్కాక పక్కసీటు ఆవిడ "ఏం పుస్తకమమ్మా?" అంది. "నవల" అన్నాను. నవలలు రాసేదాన్ని కదా, అబద్ధం ఇట్టే వచ్చేసింది.

నాగర్‌కర్నూలు దాటేసరికి సిగ్గేసింది. ఆ పుస్తకం పేరు "ఒక హిజ్రా ఆత్మకథ". తమిళనాడులో నామక్కల్ దగ్గరి పల్లెటూళ్ళో పుట్టిన రేవతి తన జీవితాన్ని తమిళంలో రాసుకుంటే, వి. గీత ఇంగ్లీషులోకి తెచ్చారు. 2010లో పెంగ్విన్ వాళ్ళు వేశారు. దాన్ని మన పి. సత్యవతిగారు తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఆ అనువాదానికి కేంద్ర సాహిత్య అకాడమీ వారి 2019 అనువాద బహుమతి కూడా వచ్చింది. అకాడమీ వారికి లేని సిగ్గు నాకెందుకొచ్చిందో చూడండి!

నిజం చెప్పొద్దూ, పుస్తకం తెరిచేటప్పుడు నేను ఎదురుచూసింది పెద్ద పెద్ద సంఘటనల కోసం. ఇల్లు విడిచి పారిపోవటం, ఢిల్లీ, బొంబాయి, ఆపరేషను, పోలీసులు. అవన్నీ ఉన్నాయి. వాటిని గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను మళ్ళీ రాయను. నన్ను పట్టుకున్నవి వేరే. వాకిలి ఊడ్చి ముగ్గు వేయాలని తహతహలాడే పిల్ల, అంట్లు తోముతానని అమ్మ వెంట పడే పిల్ల, ఎవరూ చూడకుండా అక్క పావడా కట్టుకుని గిర్రున తిరిగే పిల్ల. ఇవే పనులు చేయమంటే నేను చిన్నప్పుడు ఏడ్చేదాన్ని! ఒకరికి సంకెల అయినది మరొకరికి సంబరం ఎలా అయిందా అని మొదట్లో కాస్త విసుగే వేసింది. ఆడదంటే అంట్లూ ముగ్గులేనా అని పుస్తకంతో పోట్లాడాను కూడా. తరవాత తట్టింది. ఆ పిల్లకు మరో దారేముంది? పల్లెటూళ్ళో తాను ఆడపిల్లనని చెప్పుకోటానికి చీపురుకట్టా ముగ్గుబుట్టా తప్ప చేతికందినవి ఏమున్నాయి?

ఊళ్ళో అమ్మవారి జాతరకు ఆ పిల్ల కురత్తి వేషం, అంటే మన ఎరుకలసాని లాంటి వేషం, వేస్తుంది. అందరూ మెచ్చుకున్నారు. జాతర అయ్యాక వేషం తీసి మగబట్టలు తొడుక్కుంటుంటే, ఇప్పుడు తొడుక్కుంటున్నదే వేషమనిపించిందట. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు అది. ఆవిడ అక్కడ గొంతు పెంచదు, వ్యాఖ్యానం చేయదు. నేనైతే రెండు పేజీలు రాసి చెడగొట్టేదాన్ని.

వేషమనే మాట మనకు చాలా ఇష్టమైనది లెండి. స్థానం నరసింహారావుగారు సత్యభామగా వస్తే ఇంట్లో ఆడవాళ్ళు ఆ నడకా ఆ చీరకట్టూ చూసి నేర్చుకునేవారని మా నాయనమ్మ చెప్పేది. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించుకున్నాం. అది రంగస్థలం మీద. రంగస్థలం దిగితే? మన నిజాం రాజ్యంలోనే 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. అలా ఎక్కినవాళ్ళు చీర కట్టుకునో నగ పెట్టుకునో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడినా పాడినా, వారంటు లేకుండానే పట్టుకుపోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. రంగం మీద చీరకు బిరుదూ, బజారులో చీరకు బేడీ! నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, చట్టం మాత్రం కాగితాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి గారు కోర్టుకెక్కితే చివరకు 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూటనాలుగేళ్ళు పట్టింది.

మళ్ళీ పుస్తకంలోకి వస్తాను. రేవతి ఇంటి మీద బెంగతో తిరిగి వస్తుంది. అప్పటికి జుట్టు పెరిగింది. అన్న కొట్టాడు, ఆ జుట్టు తీసి గుండు కొట్టించారు. ఈ సంగతి చదివి కళ్ళనీళ్ళు పెట్టుకోని ఆడది ఉండదు. నేనూ పెట్టుకున్నాను. కానీ ఆ తరవాత నవలా రచయిత్రిగా నాకు వచ్చిన ఆలోచన వేరు. జుట్టు నెలకు అరంగుళం పెరుగుతుంది. భుజాల కిందికి రావాలంటే రెండేళ్ళు. మనం కథల్లో "రెండేళ్ళు గడిచాయి" అని ఒక వాక్యం రాసి గట్టెక్కేస్తాం. ఆ రెండేళ్ళలోనూ రోజూ తెల్లారుతుంది. రోజూ అద్దంలో ముఖం చూసుకోవాలి. గడ్డం మీద మొలిచే వెంట్రుకలను చిమటాతో ఒక్కొక్కటీ లాగాలి. బస్సులో ఏ వైపు కూర్చోవాలో, దాహమేస్తే నీళ్ళు తాగాలో మానాలో (తాగితే ఏ గదికి వెళ్ళాలి?) రోజూ తేల్చుకోవాలి. ఆడదిగా మారటం అంటే ఆపరేషను జరిగిన ఆ ఒక్క రోజని నేను అనుకునేదాన్ని. రేవతి కథ చదివాక, అది అటూ ఇటూ ఉన్న వందల మామూలు రోజులని తెలిసింది.

ఆపరేషను తరవాతి నలభై రోజుల సంగతి కూడా అలాంటిదే. అద్దం చూసుకోకూడదు. నలభయ్యో రోజున పసుపు పూసి స్నానం చేయించి, కొత్తచీర కట్టి పూజ చేస్తారు. మనకిది కొత్తగా ఉంటుందా? పెద్దమనిషి అయినప్పుడు మూల కూర్చోబెట్టి, పసుపు రాసి, చీర కట్టించి పేరంటం చేసింది మనకే కదా! బాలింత పథ్యాలు మనవే కదా! కన్నతల్లి చేయాల్సిన ముచ్చట తోటివాళ్ళు చేస్తున్నారు, అంతే తేడా. అది చిన్న తేడా కాదు గానీ.

ఇక భాష సంగతి. తెలుగులో "నేను వచ్చాను" అంటే వచ్చింది ఆడో మగో తెలియదు. తమిళమూ అంతే. అందుకని ఈ పుస్తకంలో "నేను" మొదటి పేజీ నుంచి చివరి దాకా మారదు. దొరైస్వామి అని ఇంట్లో పిలిచిన రోజుల్లోనూ అదే "నేను", రేవతి అయ్యాకా అదే "నేను". మారాల్సిందల్లా పక్కవాళ్ళ నోళ్ళే. "ఏరా" అన్నవాళ్ళు "ఏమే" అనాలి, "వచ్చాడు" అన్నవాళ్ళు "వచ్చింది" అనాలి. (ఆడదానికీ బస్సుకీ ఒకే "వచ్చింది" పెట్టిన భాష మనది. ఆ కోపం మరో వ్యాసానికి దాచుకుంటాను.) తెలివిగా తప్పించుకోవాలంటే "వచ్చారు" అనొచ్చు. మర్యాదకు ఆడామగా తేడా లేదు. మన వాళ్ళకు ఆ మర్యాదే నోరు తిరగదు!

ఇదంతా నాకెలా తెలుసంటారా? మా వాడలోనే నేర్చుకున్నాను. నాతోపాటు పెరిగిన ఒకామె ఉంది. నేను చెప్పే రోజుల్లో ఊరు ఆమెను అబ్బాయి అనేది. మాధవస్వామి గుడి దగ్గర మేం అష్టాచెమ్మా ఆడుతుంటే వచ్చి కలిసేది. సంక్రాంతికి నా ముగ్గు కన్నా ఆమె ముగ్గు చూడటానికే జనం ఆగేవారు. నాకు కుళ్ళు. తరవాత ఆమె హైదరాబాదు వెళ్ళిపోయింది. నేను బి.ఏ. చదివి, రచయిత్రినై, నా రెండో సీరియల్లో ఒక పాత్ర పెట్టాను. చేతులు తిప్పుకుంటూ నడిచే మనిషి, ముగ్గులంటే పిచ్చి. కథ బరువెక్కినప్పుడల్లా ఆ పాత్రను రప్పించి నవ్వించేదాన్ని. ఒక వారం "కొజ్జా" అనే మాట కూడా మరొక పాత్రతో అనిపించాను. ఖ్వాజా అన్న గౌరవపదమే మన నోళ్ళలో నలిగి ఆ తిట్టయిందని తరవాతెప్పుడో తెలిసింది. పాఠకుల ఉత్తరాల్లో ఆ పాత్రకే ఎక్కువ మెప్పులు వచ్చాయి. నేను పొంగిపోయాను.

సీరియలు అయిపోయాక వాళ్ళమ్మ, నాకు వరసకు పెద్దమ్మ, మా ఇంటికి మామిడికాయలు తెచ్చింది. ఒరుగులు పెట్టుకొమ్మని బుట్ట దింపి, గడప మీద కూర్చుని అంది: "నీ కథల ఆ పిల్లగాన్ని చూసి ఊరంత నవ్విండ్రు బిడ్డా. మా ఇంట్ల ఎవ్వరు నవ్వలే."

అంతే. మామిడికాయల ధర గురించి మాట్లాడి వెళ్ళిపోయింది.

ఆ "బిడ్డా" అన్న మాట చూడండి. కోస్తా వాళ్ళకు బిడ్డంటే పిల్లాడైనా పిల్లయినా ఒకటే. మా వైపు "ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ" అంటాం. బిడ్డంటే కూతురు. రెండేళ్ళ క్రితం ఆమె సింగోటం జాతరకు చీరలో వచ్చింది. పెద్దమ్మ నోట "కొడుకా" అని సగం వచ్చి ఆగిపోయింది. ఆగి, "తిన్నవా బిడ్డా" అంది. పక్కన ఉన్న చుట్టాలు దాన్ని తమకు తోచినట్టు అర్థం చేసుకోవచ్చు, ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఆమె ముఖం నేను చూశాను. ఆ రాత్రంతా పెద్దమ్మ ఆ మాట వదల్లేదు. నీళ్ళు తాగుతవా బిడ్డా, చలి పెడుతుందా బిడ్డా. నేను పదేళ్ళుగా రాస్తున్న సంభాషణలు ఆ ఒక్క మాటకు సరిపోవు.

రేవతి పుస్తకంలో తల్లి కూడా ఇలాగే నెమ్మదిగా, మధ్యమధ్య ఏడుస్తూ, శాపనార్థాలు పెడుతూ దగ్గరవుతుంది. ఆ నెమ్మదిని అనువాదంలో సత్యవతిగారు చెడనివ్వలేదు. ఆవిడ రాసిన "ఇల్లలకగానే" కథ గుర్తుందా? ఇల్లు అలుకుతూ అలుకుతూ పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ. పేరు పోగొట్టుకున్న ఆడదాని కథ రాసిన చేత్తోనే, పేరు తానే పెట్టుకున్న ఆడదాని కథను తెలుగు చేశారు. అందుకే ఒక సంగతి అడగాలనిపిస్తుంది. ఇంగ్లీషులో పుస్తకం పేరు "నన్ను గురించిన నిజం" అన్న అర్థంతో మొదలై, హిజ్రా జీవితకథ అన్నది దాని కింద వచ్చింది. తెలుగుకు వచ్చేసరికి "నేను" పోయింది, "ఒక" వచ్చింది. ఇంత కష్టపడి రేవతి అయిన మనిషిని అట్ట మీద "ఒక హిజ్రా" అనటం నాకు మింగుడుపడలేదు. అమ్మకాల లెక్కలు ఏవో ఉంటాయి, కాదనను. అట్ట వేసుకున్నదాన్ని, నేను అనకూడదు కూడా.

మరో ఫిర్యాదు ఉంది. నడిమి భాగంలో ఊళ్ళు మారతాయి, గురువులు మారతారు, తగవులు వస్తాయి, పోతాయి. ఎవరెవరో గుర్తుంచుకోలేక నేను వెనక పేజీలు తిప్పాను. ఒక్క ఇల్లు, ఆ ఇంట్లో వంట, ఎవరు ఏ మూల పడుకునేవారు, ఇవి ఇంకాస్త నిలిచి చెబితే బాగుండేదనిపించింది. నిలిచే తీరిక ఆ జీవితానికి లేదేమో. తీరిక ఉన్న బతుకుల వాళ్ళం మనమే నిలకడగా రాయలేకపోతున్నాం.

ఈ పుస్తకం ఒక్కటే అందరి కథా అనుకోకూడదని కూడా చెప్పాలి. స్త్రీగా మారిన వాళ్ళంతా హిజ్రా ఇళ్ళల్లో గురువు కింద ఉండరు. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు ఉస్మానియా ఆస్పత్రిలో ప్రభుత్వ డాక్టర్లుగా చేరారు. మా వాడ ఆమె బట్టల దుకాణంలో లెక్కలు రాస్తుంది. ఆపరేషను సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పదో తరగతి మెమో మీద ఉన్న పాత పేరు మార్పించుకోవటం గురించి మాత్రం గంట సేపు చెప్పింది. అఫిడవిట్లు, ఫోటోలు, సంతకాలు, మళ్ళీ రమ్మనటాలు. సంతకం కొత్తది అలవాటు కావటానికి రెండు వందల పేజీల నోటుబుక్కు నింపిందట. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారితే నాకు వారం రోజులు చెయ్యి తడబడింది, ఇద్దరం నవ్వుకున్నాం. సీరియలు సంగతి ఆమె ఎత్తలేదు. నేనే ఎత్తాను. "చదివినక్కా" అని, గాజుల దుకాణం వైపు నడిచింది. ఆమె చేతికి పట్టే గాజులు ఆ జాతరలో రెండే డజన్లు దొరికాయి. పెద్దమ్మ బేరమాడకుండా రెండూ కొంది.

హైదరాబాదు నుంచి వచ్చాక అట్ట తీసేసి పుస్తకం పెద్దమ్మకు ఇచ్చాను. ఆవిడకు కూడబలుక్కునేంత చదువే. రాత్రి అన్నాలయ్యాక మనవరాలు చదివి వినిపిస్తోంది. మొన్న అడిగితే, గుండు కొట్టించిన కాడికి వచ్చి ఆగినమని చెప్పింది. నెల రోజులయింది. పుస్తకం ఇంకా నాకు తిరిగి రాలేదు.