చదువు ముందున్న చోట కోచ్

కోచ్ విలువను మనం పతకాలతో లెక్కగడతాం. ఆ పతకాలు చాలావరకు మంచి ఆటగాళ్లను ఏరుకునే దశలోనే ఖాయమైపోతాయి. మరి ఏరుకునే వీలే లేని చోట కోచ్ ఏం చేయగలడు? ఎర్రుపాలెంలో పెరిగి ఎంపీఈడీ పూర్తి చేసిన మా అక్క కొడుకు ముందు ఇప్పుడు ఈ ప్రశ్నే ఉంది. పేరున్న ఒక ఇంజనీరింగ్ సంస్థలో కోచ్ ఉద్యోగం వచ్చేలా ఉంది. "అక్కడ అందరూ ర్యాంకర్లే మావయ్యా. గ్రౌండ్‌కి ఎవరొస్తారు? వచ్చినా పరీక్షలంటూ వెళ్లిపోరూ?" అంటున్నాడు.

వాడి అనుమానం న్యాయమైనదే. స్పోర్ట్స్ హాస్టల్లో ఆట చూసి పిల్లల్ని తీసుకుంటారు. ఐఐటీల్లో ఆ తలుపు చాలాకాలం మూసే ఉంది. 2024-25లో ఐఐటీ మద్రాస్ ప్రతి డిగ్రీ కోర్సులో క్రీడాకారులకు రెండేసి అదనపు సీట్లు పెట్టింది. వాటికైనా జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాల్సిందే. కాబట్టి ఇలాంటి చోట కోచ్‌కి మిగిలే ఆయుధం బోధన ఒక్కటే. ఆ విద్యలో ఆరితేరిన గురువు మన హైదరాబాద్‌లోనే ఉండేవాడు.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉస్మానియాలో చదివి బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. భారత జట్టుకూ ఆయనే. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. భారత్ 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

రహీమ్ సాబ్ బోధనలో అసలు కిటుకు ఆయన పెట్టిన చిత్రమైన పోటీల్లో ఉంది. ఒకటి, డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంటు. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ఒక్కొక్కరినీ తప్పించుకుపోవడం కుర్రాళ్లకు మహా సరదా. ఆ సరదాకే ఆయన అడ్డుకట్ట వేశాడు. బంతి వచ్చాక ఆలోచిద్దామంటే ఇక కుదరదు. అది దారిలో ఉండగానే తలెత్తి, తనవాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. బంతి లేనివాడు కూడా నిలబడి చూస్తే లాభం లేదు, ఖాళీ జాగాలోకి పరుగెత్తాలి.

రెండోది, వాటం లేని కాలితో ఆడే టోర్నమెంటు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలంటే ముందు కుడికాలు బంతి పక్కన స్థిరంగా ఆనాలి, ఒంటి బరువంతా దాని మీదికి రావాలి. అన్నేళ్లూ ఆలోచించకుండా చేసిన పనిని మళ్లీ ఓనమాల నుంచి దిద్దుకోవాలి. దీనికి ఖర్చు లేదు, పెద్ద స్టేడియం అక్కర్లేదు. ఆటలో ఒక్క నియమం మారిస్తే చాలు, ఆ నియమమే పాఠం చెబుతుంది. రోజుకు గంట మాత్రమే దొరికే విద్యార్థికి ఇంతకన్నా అనువైన పద్ధతి ఏముంటుంది?

మనిషిని చదవడంలోనూ ఆయన దిట్ట. రోజూ ప్రాక్టీసుకు వచ్చే స్తోమత లేని అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకి సైకిల్ అద్దె డబ్బులిచ్చి రప్పించుకున్నాడు. జకార్తాలో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందు వరుసలో ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచినప్పుడు అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

చదువు ముందున్న చోట ఆట నేర్పాల్సిన పరిస్థితి అమెరికాలో కొందరు లాక్రాస్ కోచ్‌లకూ ఉంది. కర్ర చివరి వలలో బంతిని పట్టి, మణికట్టు ఊపుతో జారకుండా కాపాడుకుంటూ పరుగెత్తే ఈ ఆట అక్కడి ఆదివాసులది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ ఉంది. ప్రిన్‌స్టన్ లాంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు. అయినా బిల్ టియర్నీ, లాక్రాస్‌కి పెట్టింది పేరైన జాన్స్ హాప్కిన్స్‌లో సహాయ కోచ్ పని వదిలి, 1988 సీజన్‌కి బలహీనంగా ఉన్న ప్రిన్‌స్టన్ జట్టును చేపట్టాడు. 1992లో జాతీయ టైటిల్ గెలిచాడు. 2001 నాటికి ఆ టైటిళ్లు ఆరయ్యాయి. ఆయన జట్ల బలం ఉమ్మడి డిఫెన్స్. ఒకడు తన ప్రత్యర్థిని వదిలేశాడంటే పక్కవాడు వెంటనే అడ్డం పడతాడు, పక్కవాడి చోటును మూడోవాడు భర్తీ చేస్తాడు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు కదలాలో అర్థం చేసుకునే బుర్ర ఉన్నవాళ్లకు అచ్చొచ్చే ఆట అది. రహీమ్ సాబ్ పాఠానికీ దీనికీ మూలం ఒక్కటే: చూపును, ఆలోచనను కాలి కన్నా ముందు పరుగెత్తించడం.

కాబట్టి మా వాడి ఉద్యోగం విషయంలో జీతం, క్వార్టర్లు ఎలాగూ చూసుకుంటాం; అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ల్యాబులు ముగిశాక ఆటకంటూ టైమ్‌టేబుల్లో రాసిపెట్టిన గంట ఉందా? తీసుకునేది కోచింగ్ కోసమా, లేక స్పోర్ట్స్ డే ఏర్పాట్లు, స్టోర్ రిజిస్టరు చూసుకోవడానికా? నాలుగేళ్లకోసారి జట్టు మొత్తం మారిపోయే చోట, ఫలితం కోసం ఎన్నేళ్లు ఓపిక పడతారు? మూడింటికీ సూటిగా జవాబు చెప్పిన సంస్థ, పతకం ఇంకా రాకపోయినా, నమ్మదగినదే. జవాబు దాటవేస్తే, ఎంత పేరున్నా ఆలోచించాల్సిందే.

మా వాడు మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఊళ్లో వాడికి కబడ్డీ నేర్పిన పీఈటీ సార్ కూడా ఎవర్నీ ఏరుకోలేదు. బడికొచ్చిన పిల్లలందర్నీ వరుసలో నిలబెట్టి, వంగి చీలమండ ఎలా పట్టాలో ఒక్కొక్కరికీ చూపించాడు. వాడి ఆట అక్కడ మొదలైంది. అందుకే ఆ మూడు ప్రశ్నలూ సంస్థను అడిగి, జవాబులు నచ్చితే చేరమని వాడికి చెప్పాను. ఆట వచ్చినవాళ్లను గెలిపించే కోచ్‌లు మనకు ఉన్నారు. రానివాళ్లకు నేర్పి గెలిపించేవాళ్లు చాలా తక్కువ, ఆ లోటు తీరాల్సింది ఇలాంటి సంస్థల్లోనే.