చెవి చుట్టూ తప్పెటగుళ్లు

తప్పెటగుళ్లను ఫోన్‌లో వీడియో తీసి, ఇంటికొచ్చి పెట్టుకుని చూసినవాళ్లకు ఒక వెలితి తెలిసే ఉంటుంది. ఆట కనిపిస్తుంది గాని మనం ఆ ఆట పక్కన ఉన్నట్టుండదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో యాదవులు తరతరాలుగా నిలుపుకొస్తున్న ఈ కళలో పదిహేను ఇరవై మంది వలయంగా తిరుగుతారు. మెడలో తాడుతో వేలాడే తప్పెట రొమ్ముకు ఆనుకుని ఉంటుంది, దాన్ని రెండు చేతులా వాయిస్తారు. కాళ్లకు గజ్జెలు. నాయకుడు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. గంగమ్మ కథో, కృష్ణలీలలో, సారంగధర కథో నడుస్తుంటే వలయం అంచున నిలబడ్డవాడి మీదికి ఒక తప్పెట వచ్చి దాటిపోతుంది, దాని వెనకే ఇంకొకటి. ఈ కళ రుచిలో సగం ఆ రాకపోకల్లోనే ఉందని నా నమ్మకం. మామూలు రికార్డింగు దాన్నంతా ఒక్క ముద్ద చప్పుడు చేసేస్తుంది.

వీడియో గేములు తయారుచేసేవాళ్ల దగ్గర దీనికి తగిన పనిముట్టు ఉంది: శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలిసేలా వినిపించే స్పేషియల్ ఆడియో ప్లగిన్. వాల్వ్ కంపెనీ 2017లో తెచ్చిన స్టీమ్ ఆడియో ఉచితంగా దొరుకుతుంది, 2024లో దాని సోర్స్ కోడ్ కూడా బయటపెట్టారు. గేమ్ ఇంజిన్లయిన యూనిటీలోనూ అన్‌రియల్‌లోనూ పనిచేస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లల్లో చాలామంది యూనిటీతో మొదలుపెడతారు కాబట్టి దాని సంగతే చెబుతాను.

ముందు చెవి దిక్కును ఎలా పడుతుందో చూద్దాం. ఎడమ పక్క మోగిన దెబ్బ ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి మహా అయితే 0.7 మిల్లీసెకన్ల ఆలస్యంగా. తల అడ్డు రావడంతో సన్నటి ధ్వనులు ఆ పక్క కాస్త తగ్గుతాయి కూడా. దిక్కు తెలియడానికి ఈ రెండే ఆనవాళ్లని లార్డ్ రేలీ 1907లో వివరించాడు. కానీ ముందో వెనకో, పైనో కిందో తేల్చాలంటే ఇవి చాలవు, ఆ పని చెవిడొప్ప మడతలది. ఒక్కో దిక్కు నుంచి వచ్చే ధ్వనిని తల, భుజాలు, చెవిడొప్ప ఎలా మారుస్తాయో కొలిచి పెట్టిన లెక్కే హెచ్‌ఆర్‌టీఎఫ్. ప్లగిన్ ప్రతి శబ్దాన్నీ ఆ లెక్కలోంచి నడిపించి హెడ్‌ఫోన్లకు పంపుతుంది. ఫోన్ స్పీకర్లో వింటే ఈ శ్రమంతా వృథా.

అమర్చడం పెద్ద పనేం కాదు. ప్యాకేజీని ప్రాజెక్టులోకి తెచ్చుకుని, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఆడియో తెరిచి, స్పేషలైజర్ ప్లగిన్ దగ్గర స్టీమ్ ఆడియోను ఎంచుకోవాలి. ఆ తర్వాత ప్రతి ఆడియో సోర్స్‌లో స్పేషలైజ్ టిక్ పెట్టి, స్పేషియల్ బ్లెండ్‌ను పూర్తిగా త్రీడీ వైపు జరపాలి. చాలామంది ఈ రెండో పని మరిచిపోయి ప్లగిన్ పనిచెయ్యడం లేదంటారు. ఫైళ్లు మోనోలో ఉండాలి. ఒక తప్పెట ఒక్క చోటి నుంచే మోగుతుంది మరి.

అసలు పని ఇక్కడి నుంచే. కళాకారుడి బొమ్మకు ఒక్క సోర్స్ తగిలిస్తే సరిపోదు. తప్పెట రొమ్ము ఎత్తులో, గజ్జె నేల మీద. రెంటినీ విడివిడిగా పెడితేనే చెవి మనిషిని నిలువునా పట్టుకుంటుంది. పదహారు మంది జట్టుకు ముప్పై రెండు సోర్సులు, నాయకుడి గొంతుతో ముప్పై మూడు. యూనిటీ మామూలుగా ఒకేసారి వినిపించేవి 32 మాత్రమే, మిగిలినదాన్ని చప్పుడు లేకుండా పక్కన పెట్టేస్తుంది. ఎవరి గజ్జె మాయమైందో వెతుక్కుంటూ కూర్చోకుండా మ్యాక్స్ రియల్ వాయిసెస్ అంకె ముందే పెంచుకోవాలి. చిన్న ఫోన్ అంత భారం మొయ్యలేకపోతే వలయం అవతలి అంచున ఉన్నవాళ్ల గజ్జెలను ఒక్క సోర్స్‌గా కలిపెయ్యవచ్చు, అంత దూరాన చెవి వాటిని ఎలాగూ విడదీయదు. డాప్లర్ లెవెల్ మొదట్లో 1 ఉంటుంది, దాన్ని సున్నా చెయ్యండి. లేకపోతే బొమ్మ గెంతినప్పుడల్లా తప్పెట శ్రుతి వంకర్లు పోతుంది.

ఇంకొకటి కూడా యూనిటీ తనంతట తాను చెయ్యదు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆరు మీటర్ల అవతల కొట్టిన దెబ్బ మనకు 17 మిల్లీసెకన్ల తర్వాత వినిపిస్తుంది. అందరూ ఒకేసారి కొట్టినా అంచున ఉన్నవాడికి ఆ దెబ్బ కాస్త చెదిరి, వెడల్పుగా అందుతుంది. ఆ ఆలస్యాన్ని దూరాన్ని బట్టి మనమే కోడ్‌లో కలపాలి. కలపకపోతే పదహారు తప్పెటలు ఒకే యంత్రం కొట్టినట్టుంటాయి.

జానపదం అనగానే రివర్బ్ దంచేసే అలవాటు మనవాళ్లకు సినిమాల నుంచి వచ్చింది. ఊరి మధ్య ఖాళీ జాగాలో అంత ప్రతిధ్వని ఎక్కడిది? నేల, ఒక పక్కన గుడి గోడ, అంతే. ఆ రెంటికీ స్టీమ్ ఆడియో జియోమెట్రీ తగిలించి, గోడకు ఇటుకో రాయో మెటీరియల్ ఇచ్చి, సీన్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, స్టీమ్ ఆడియో సోర్స్‌లో రిఫ్లెక్షన్స్ టిక్ పెడితే చాలు. ఆకాశాన్ని ఖాళీగా వదిలెయ్యండి.

రికార్డింగే అన్నిటికన్నా కష్టం. జట్టంతా కలిసి వాయిస్తే ఒకరి మైకులోకి పక్కవాడి దెబ్బ దూరుతుంది, అలాంటి ఫైళ్లను ప్లగిన్ ఎక్కడ నిలబెట్టినా నిలవవు. విడివిడిగా కూర్చోబెట్టి వాయించమంటే ఊపు పోతుంది. ముందు జట్టంతటినీ ఒకసారి ఆడించి రికార్డు చేసి, దాన్నే హెడ్‌ఫోన్లలో వినిపిస్తూ ఒక్కొక్కరినీ నిలబెట్టి, గజ్జెలతో సహా, మళ్లీ వాయింపజెయ్యడం మధ్యేమార్గం. తప్పెటకో మైకు, పాదాల దగ్గర ఇంకొకటి. దీనికి పూట కాదు, రోజులు పడతాయి. ఆ రోజుల కూలీ, గేములో ప్రతి ఒక్కరి పేరు, ఆ శబ్దాలను మరోచోట వాడితే ఇచ్చే వాటా, ఇవన్నీ మైకు పెట్టకముందే కాగితం మీద రాసుకోవాలి.

పని పూర్తయ్యాక పరీక్షకు గేములాడే కుర్రాళ్లను పిలవకండి. జట్టులో పెద్దాయనకు హెడ్‌ఫోన్లు పెట్టి, కళ్లు మూసుకోమని, నాయకుడు ఎటున్నాడో చేత్తో చూపించమనండి. ఆయన వెనక్కి చూపించాల్సింది ముందుకు చూపిస్తే వేరే హెచ్‌ఆర్‌టీఎఫ్ ఫైలు పెట్టి చూడాలి, స్టీమ్ ఆడియో సోఫా (SOFA) అనే రకం ఫైళ్లను తీసుకుంటుంది.