గోవర్ధన్‌లాల్ గారి షరతు

సూరత్ దగ్గరి డుమస్‌లో ఆదివారం సాయంత్రం టమాటా భజియాల బండి దగ్గర నిలబడి ఉండగా ఒక తండ్రి నా చేతిలో కరపత్రం పెట్టాడు. లింబాయత్‌లో మరమగ్గాల మీద పనిచేసే కరీంనగర్ మనిషి. సూరత్‌లోని మన తెలుగు పిల్లలకు సంగీత పోటీలట. శాస్త్రీయ విభాగంలో గాత్రం, వీణ, వయొలిన్, వేణువు. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క: గిటారు, కీబోర్డు అనుమతించబడవు.

"మావోడు గిటార్ మీదనే సరళీలు, జంటలు అన్నీ వాయిస్తడు సార్. గిటార్ల శాస్త్రీయం ఎట్లయితదని అడుగుతున్నరు."

భజియాలు చల్లారిపోయాయి. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా వాదన కంఠతా వచ్చు, ఆ తండ్రికీ అదే వినిపించాను. అదే జాబితాలో వయొలిన్ దర్జాగా కూర్చుందే, అదెక్కడ పుట్టింది? దొరల బ్యాండులో విన్న ఆ వాయిద్యాన్ని బాలుస్వామి దీక్షితులు కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరంలో కమాను పట్టాక దాన్ని పరాయిదనే సాహసం ఎవరికుంది? హార్మోనియం సంగతీ అంతే. ఆలిండియా రేడియో 1940లో దాన్ని వెలివేసి, మూడు దశాబ్దాల తర్వాత గానీ మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. ఈలోగా ఊళ్ళలో భజనలూ ఆగలేదు, నాటకాల పద్యాలూ ఆగలేదు.

పైగా గిటారు వద్దని ఆ కరపత్రంలో రాసింది గుజరాత్‌లో కూర్చుని. గిటారును మన రాగాలకు ఒప్పించిన బ్రిజ్ భూషణ్ కాబ్రా స్థిరపడింది ఈ రాష్ట్రంలోనే, అహ్మదాబాద్‌లో. 2018లో పోయేదాకా ఆయన ఊరు అదే. పుట్టింది 1937లో, జోధ్‌పూర్‌లో. తండ్రి గోవర్ధన్‌లాల్ సితార్ నేర్చుకున్న రసికుడు. అన్న దామోదర్‌లాల్ అలీ అక్బర్ ఖాన్ దగ్గర సరోద్ సాధన చేసినవాడు. అలాంటి ఇంటి కుర్రవాడికి కలకత్తాలో విన్న హవాయి గిటారు మీద మనసు పడింది.

ఆయన వాయించే తీరు చూడాలి. గిటారును నిలువుగా పట్టుకోడు, ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుంటాడు. తీగలు మెట్లకు తగలకుండా పైకి లేపి ఉంటాయి. ఎడమచేతిలో ఉక్కు కడ్డీ, కుడిచేతి వేళ్ళకు నఖాలు. కడ్డీ తీగమీద జారుతుంటే షడ్జమానికీ రిషభానికీ మధ్య ఉన్న దారంతా వినిపిస్తుంది. వీణ మీద మనం తీగను మెట్టు మీదే పక్కకు లాగి గమకం పలికిస్తాం. గిటారు మామూలుగా పట్టుకుంటే మెట్టు మెట్టుకూ స్వరం తెగుతుంది. కాబ్రా చేతిలో ఆ మెట్లు చూపుకు ఆనవాళ్ళుగా మిగిలాయంతే. గోటువాద్యం విన్న మనకు ఈ జారుడు కొత్తేమీ కాదు. గిబ్సన్ కంపెనీ చేసిన అమెరికా గిటారుకే శ్రుతి తీగ అమర్చుకుని, అన్నకు గురువైన అలీ అక్బర్ ఖాన్ దగ్గరే తానూ శిష్యరికం చేశాడు. 1967 నాటి 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డులో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు పక్కన వినిపించే గిటారు ఈయనదే. కాశ్మీర్ గొర్రెల కాపరి జీవితంలో ఒక రోజును తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా రాగాల్లో చెప్పిన రికార్డు అది. సంతూర్ కూడా రాగానికి పనికిరాదని పెద్దలు పెదవి విరిచిన వాయిద్యమే.

ఇక్కడిదాకా ఆ తండ్రికి ఆవేశంగా చెప్పుకుంటూ వచ్చి, ఒకచోట నాకే మాట ఆగింది. గోవర్ధన్‌లాల్ గారు కొడుకును గిటారు పట్టుకోనిస్తూ ఒక షరతు పెట్టారు. దాని మీద శాస్త్రీయ సంగీతం తప్ప మరేదీ వాయించకూడదు. ఆ రోజుల్లో హవాయి గిటారంటే సినిమా పాటలే గుర్తొచ్చేవి. ఆ దారికి తండ్రి తలుపు మూసేశాడు. మూశాడు కాబట్టే కొడుకు కడ్డీతో మీండ్, అంటే ఆ జారుడు, వెతుక్కున్నాడని నేను నమ్ముతున్నాను.

ఇలాంటి కట్టడిలోనే పెరిగిన మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ కథ ఈ కాలమ్‌లో చాలాసార్లే వచ్చింది, మళ్ళీ చెబుతాను. క్లారినెట్ వాయించే సత్యనారాయణగారి అబ్బాయి అతను, తండ్రిగారి మాండొలిన్ అందుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు అది విని తీగమీద పలికించాలి. మాండొలిన్‌కు ఏది సులువో చెప్పేవాళ్ళు ఎదురుగా లేరు. గొంతులో ఏ వంపు ఉంటే ఆ వంపు రావాల్సిందే, మీటగానే ఆరిపోయే ఆ పొట్టి తీగ మీదే రావాలి. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో, మూడేళ్ళ తర్వాత మద్రాసులో జనం విన్నది ఆ సాధననే. ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ దానికి ఊతం అయింది.

ఏ వాయిద్యమైనా రానివ్వండి, పిల్లల్ని స్వేచ్ఛగా వదిలేయండి అని ఏళ్ళ తరబడి రాస్తున్నాను. మొదటి సగం మీద ఇప్పటికీ నిలబడతాను. రెండో సగం మీద, కాబ్రాను, శ్రీనివాస్‌ను పక్కపక్కన పెట్టి చూశాక, నిలబడలేకపోతున్నాను. ఇద్దరికీ తలుపు తెరిచినవాళ్ళే లోపల గట్టి కట్టడి పెట్టారు. మన పోటీలవాళ్ళు గడప దగ్గర కర్ర పట్టుకుని, లోపలికొచ్చినవాళ్ళు కంఠస్థం చేసిన నాలుగు నిమిషాల కీర్తన వాయిస్తే చప్పట్లు కొట్టి పంపుతున్నారు.

వచ్చే ఏడు ఆ చిన్న అక్షరాల వాక్యం కొట్టేసి, దాని చోట పెద్ద అక్షరాల్లో ఇది రాయండి. వాయించబోయే వర్ణాన్ని పిల్లవాడు ముందు నోటితో పాడాలి. తర్వాత న్యాయనిర్ణేత అప్పటికప్పుడు చెప్పిన రాగం, మోహనో కల్యాణో, పాట ఆసరా లేకుండా ఐదు నిమిషాలు పలికించాలి. అది చేయలేనివాడి ఒళ్ళో బొబ్బిలి వీణ ఉన్నా సరే, బహుమతి ఇవ్వకండి.